ప్యాకేజీతో పాటు సిస్టమ్ యూజర్‌ని ఎలా పుట్టించాలి, తీసేటప్పుడు ఏం చెయ్యాలి

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఆడిట్ వాళ్ల నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "కస్టమర్ల డేటాబేస్ డంపులన్నీ మీ మెట్రిక్స్ ఏజెంట్ పేరు మీద ఎందుకున్నాయి?" సర్వర్‌లోకి వెళ్లి, ఫైళ్ల జాబితా చూపించే ఎల్‌ఎస్ -ఎల్ కొట్టి చూస్తే నిజమే, ఓనర్ కాలమ్‌లో వరుసగా ఆ ఏజెంట్ పేరే ఉంది. కానీ ఆ ఏజెంట్‌ని మేం ఇన్‌స్టాల్ చేసింది అంతకు ముందురోజు. డంపులేమో ఆర్నెల్ల నాటివి.

ఒక పూటంతా టెన్షన్ పడ్డాక అసలు సంగతి తేలింది. అంతకు ముందు వారం ఒక బ్యాకప్ టూల్ ప్యాకేజీని తీసేశాం. దాన్ని ప్యాక్ చేసినవాళ్లెవరో, పోతూ పోతూ తన యూజర్‌ని కూడా తుడిచేసేలా స్క్రిప్టు రాశారు. యూజర్ పోయాడు, డంపులున్న డైరెక్టరీ మాత్రం మిగిలిపోయింది. దాంతో అతని 987 నంబరు ఖాళీ అయింది. ఆ మెషీన్‌లో అందరికంటే చివర పుట్టిన అకౌంట్ అదే కాబట్టి, తరవాత వచ్చిన ఏజెంట్‌కి సిస్టమ్ ఆ 987నే ఇచ్చింది. డంపుల మీద రాసి ఉన్నది ఎప్పుడూ 987 మాత్రమే. పేరు ఎల్‌ఎస్ అప్పటికప్పుడు వెతికి చూపించింది.

లైనక్స్ కెర్నెల్‌కి యూజర్ పేర్లు తెలియవు. ఫైల్ ఐనోడ్‌లో (ఫైల్ వివరాలు దాచే చోట) ఓనర్ గురించి ఉండేవి రెండు నంబర్లు, యూఐడీ (యూజర్ నంబరు), జీఐడీ (గ్రూప్ నంబరు). యూఐడీ అనగానే మనవాళ్లకి ఆధార్ గుర్తొస్తుంది, ఒకసారి ఇస్తే ఇంకొకరికి పోదనుకుంటాం. దీని తీరు ప్రీపెయిడ్ సిమ్ నంబరు తీరు. మీరు వదిలేశాక ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది, మీ బ్యాంకు ఓటీపీలు వాళ్లకి పోతాయి. ప్యాకేజీలో సిస్టమ్ యూజర్‌ని, అంటే మనిషి కోసం కాక సర్వీసు నడపడానికి పెట్టే అకౌంట్‌ని, పెట్టేటప్పుడు చేసే ప్రతి పనికీ కారణం ఈ ఒక్క విషయంలోనే ఉంది. కాబట్టి ముందు ఇది చెప్పి, తరవాత పనిలోకి దిగుతున్నాను.

కమాండ్లనీ ఫైల్ పాత్‌లనీ మనం నోటితో చెప్పుకున్నట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను. ఉదాహరణకి మన సర్వీసు పేరు "చిట్టా" అనుకుందాం. లాగ్‌లు పోగేసి /వర్/లిబ్/చిట్టా కింద దాచుకునే చిన్న డీమన్, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాం.

ముందు మీ మెషీన్‌లో ఏముందో చూడండి

గెట్‌ఎంట్ పాస్‌డబ్ల్యూడీ | సార్ట్ -టీ: -కే3 -ఎన్

పాస్‌వర్డ్ అన్న మాటలోంచి ఓ, ఆర్ తీసేస్తే వచ్చేదే ఆ పాస్‌డబ్ల్యూడీ. గెట్‌ఎంట్ బదులు /ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ ఫైల్‌ని గ్రెప్ చేసే అలవాటు చాలామందికి ఉంది. ఆఫీసులో ఎల్‌డ్యాప్ లాంటిది (అన్ని మెషీన్ల యూజర్లనీ ఒకేచోట ఉంచే సర్వర్) ఉంటే అక్కడి యూజర్లు ఆ ఫైల్‌లో కనబడరు, గెట్‌ఎంట్‌కి మాత్రం కనబడతారు. స్క్రిప్టుల్లో ఎప్పుడూ గెట్‌ఎంట్‌నే వాడండి.

నంబరు వరసలో చూస్తే మొదట రూట్ 0, తరవాత పాతకాపులు, మధ్యలో ఖాళీ, చివర్న 1000 నుంచి మనుషులు. డెబియన్‌లో 0 నుంచి 99 దాకా నంబర్లు ముందే పంచేసి ఉంటాయి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా ఏ డెబియన్ మెషీన్‌లో చూసినా 33. 100 నుంచి 999 దాకా ఎవరు ముందొస్తే వాళ్లకి. ఫెడోరా, రెడ్‌హ్యాట్‌లో ముందే పంచినవి 200 దాకా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌కి 26, అపాచీకి 48. అక్కడ 201 నుంచి 999 దాకా అప్పటికప్పుడు ఇచ్చేవి. పాత రెడ్‌హ్యాట్ మెషీన్లలో మనుషుల అకౌంట్లు 500 నుంచే మొదలయ్యేవి. రెడ్‌హ్యాట్ 7తో, అంటే 2014లో, ఆ గీత 1000కి జరిగింది. పాత సర్వర్ నుంచి డిస్కు తెచ్చి కొత్తదానికి తగిలించే పని పడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మన చిట్టాకి వచ్చేది ఆ మధ్య ఖాళీలోంచి ఏదో ఒక నంబరు. ఒక మెషీన్‌లో 994 వస్తుంది, పక్క మెషీన్‌లో 991 వస్తుంది. కాబట్టి నంబరు తెలుసనుకుని స్క్రిప్టు రాయకండి.

అసలు యూజర్ అవసరమా?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. సర్వీసు డిస్కు మీద శాశ్వతంగా ఏమీ దాచుకోకపోతే, సిస్టమ్‌డీ (సర్వీసుల్ని లేపి, ఆపే ప్రోగ్రాం) యూనిట్ ఫైల్‌లో, అంటే సర్వీసుని ఎలా నడపాలో చెప్పే ఫైల్‌లో, డైనమిక్‌యూజర్=యెస్ అని ఒక్క లైను పెడితే చాలు (ఇక్కడ డీ, యూ పెద్దక్షరాలు; కింద వచ్చే యూనిట్ ఫైల్ లైన్లలో కూడా = గుర్తుకి ముందున్న ప్రతి మాటా పెద్దక్షరంతో మొదలవుతుంది). సర్వీసు మొదలైనప్పుడు 61184 నుంచి 65519 మధ్యలో ఒక నంబరు తీసుకుంటుంది, ఆగినప్పుడు వదిలేస్తుంది. పాస్‌డబ్ల్యూడీ ఫైల్‌లో ఒక్క అక్షరం మారదు, ప్యాకేజీలో స్క్రిప్టు అక్కర్లేదు.

మరి ఎప్పుడు సొంత యూజర్ కావాలి? ఆ సర్వీసు ఫైళ్లని ఇంకో సర్వీసు చదవాలన్నా, కాన్ఫిగ్ ఫైల్‌ని ఆ గ్రూప్‌కి మాత్రమే చదివేలా పెట్టాలన్నా, అడ్మిన్ ఆ యూజర్ పేరుతో కమాండ్లు నడపాలన్నా కావాలి. చిట్టా లాగ్‌లు దాచుకుంటుంది, వేరే టూల్ వాటిని చదువుతుంది, కాబట్టి దీనికి కావాలి.

చెయ్యకూడనిది మాత్రం ఒకటుంది. "ఎందుకొచ్చిన గొడవ, నోబడీ ఉన్నాడుగా" అని సర్వీసుని, సిస్టమ్‌లో ముందే ఉండే నోబడీ అకౌంట్ కింద నడపడం. ఇద్దరు సోమరులు ఇలాగే ఆలోచిస్తే రెండు సర్వీసులు ఒకే యూజర్ కింద పడతాయి. అప్పుడు ఒకదాని ప్రాసెస్‌ని ఇంకొకటి కిల్ చెయ్యొచ్చు, ఫైళ్లు చదవొచ్చు. నోబడీ పేరు మీద డిస్కులో ఒక్క ఫైల్ కూడా ఉండకూడదన్నదే ఆ అకౌంట్ ఉద్దేశం.

పేరు

చిన్నక్షరాలు, అంకెలు, హైఫన్. పేరు ఎంత మామూలు మాట అయితే ఎవరో మనిషి లాగిన్‌తో ఢీకొనే ప్రమాదం అంత ఎక్కువ. చిట్టా అన్నది ఎవరి ముద్దుపేరైనా కావచ్చు కదా. అందుకే డెబియన్‌లో కొత్త సిస్టమ్ యూజర్ల పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టడం కనిపిస్తుంది. ఆప్ట్ డౌన్‌లోడ్‌లకి వాడే యూజర్ పేరు చూడండి, _ఆప్ట్. ఫెడోరాలో ఆ ఆనవాయితీ లేదు. రెండు చోట్లా ఒకే పేరు ఉండాలంటే కంపెనీ పేరు ముందు తగిలించడం సులువైన దారి. ఒక్కసారి పేరు బయటికి వెళ్లాక మార్చడం మహా చికాకు, కాబట్టి ఇక్కడ ఐదు నిమిషాలు ఎక్కువ ఖర్చుపెట్టినా పర్లేదు. ఈ వ్యాసంలో మాత్రం చదవడానికి సులువని చిట్టా అనే ఉంచుతున్నాను.

సిస్‌యూజర్స్ ఫైల్ రాయడం

ఒకప్పుడు ప్రతి ప్యాకేజీ తన స్క్రిప్టులో యూజర్‌యాడ్ అని రాసుకునేది. 2014లో సిస్టమ్‌డీ 215తో సిస్‌యూజర్స్ వచ్చింది. ఏం చెయ్యాలో స్క్రిప్టుగా రాయకుండా, ఏం ఉండాలో ఒక ఫైల్‌లో చెప్తాం. ప్యాకేజీ ఈ ఫైల్‌ని పెడుతుంది:

/యూఎస్ఆర్/లిబ్/సిస్‌యూజర్స్.డీ/చిట్టా.కాన్ఫ్

లోపల ఒక్క లైను:

యూ చిట్టా - "చిట్టా లాగ్ సర్వీస్" /వర్/లిబ్/చిట్టా

మొదటి అక్షరం యూ అంటే యూజర్. అదే పేరుతో గ్రూప్ కూడా దానంతటదే వస్తుంది. రెండోది పేరు. మూడోచోట ఉన్న హైఫన్‌కి "నంబరు నువ్వే చూసుకో" అని అర్థం. అక్కడ 450 అని రాస్తే ఆ నంబరే ఇవ్వడానికి చూస్తుంది. కానీ ఆ 450 మీకు ఎవరు కేటాయించారు? మీ సంస్థలో నంబర్ల రిజిస్టర్ లాంటిది ఉండి, అందులో రాయించుకుని ఉంటే తప్ప అక్కడ అంకె వెయ్యకండి. నాలుగోది వివరణ, ఐదోది హోమ్. ఆరోచోట షెల్ రాయొచ్చు, రాయకపోతే నోలాగిన్ (ఎవరినీ లాగిన్ కానివ్వని షెల్) వస్తుంది. మనకి కావాల్సింది అదే.

గ్రూప్ ఒక్కటే కావాలంటే యూ బదులు జీ. యూజర్‌ని ఇంకో గ్రూప్‌లో చేర్చాలంటే ఎమ్. చిట్టాకి సిస్టమ్ జర్నల్ (సిస్టమ్‌డీ పోగేసే లాగ్) చదివే హక్కు కావాలి, అది సిస్టమ్‌డీ-జర్నల్ గ్రూప్‌కి ఉంటుంది:

ఎమ్ చిట్టా సిస్టమ్‌డీ-జర్నల్

ఇది రాసేముందు ఒక్క క్షణం ఆగండి. ఇలా చేరిస్తే చిట్టా అకౌంట్ కింద నడిచే ప్రతిదానికీ ఆ హక్కు వస్తుంది. సర్వీసు ఒక్కదానికే చాలనుకుంటే యూనిట్ ఫైల్‌లో సప్లిమెంటరీగ్రూప్స్=సిస్టమ్‌డీ-జర్నల్ అని పెట్టడం మేలు. నేనైతే రెండోదే పెడతాను.

రాశాక పరీక్షించండి:

సిస్టమ్‌డీ-సిస్‌యూజర్స్ --డ్రై-రన్ ./చిట్టా.కాన్ఫ్

ఏమీ మార్చకుండా ఏం చేస్తుందో చెప్తుంది. తరవాత డ్రై-రన్ తీసేసి ఒక వర్చువల్ మెషీన్‌లో నడిపి, ఐడీ చిట్టా అని కొట్టి చూడండి.

సిస్‌యూజర్స్ గురించి రెండు విషయాలు మొదట్లో నాకు ఎవరూ చెప్పలేదు. యూజర్ అప్పటికే ఉంటే అది దేన్నీ ముట్టుకోదు. వచ్చే వెర్షన్‌లో హోమ్ పాత్ మార్చి రాస్తే కొత్త మెషీన్లలో కొత్త పాత్, పాత మెషీన్లలో పాత పాత్ ఉండిపోతాయి. మార్పు తప్పనిసరైతే అప్‌గ్రేడ్ స్క్రిప్టులో యూజర్‌మాడ్ మీరే రాయాలి. రెండోది, ప్యాకేజీ తీసేసినప్పుడు ఇది యూజర్‌ని తుడవదు. ఇది లోపం కాదు, తెలిసి చేసిందే. ఎందుకో 987 కథ చెప్పింది కదా.

అడ్మిన్‌కి మీ లైను నచ్చకపోతే /ఈటీసీ/సిస్‌యూజర్స్.డీ కింద అదే పేరుతో ఫైల్ పెట్టుకుంటాడు, మీదాని బదులు అదే నడుస్తుంది. కాబట్టి ఫైల్ పేరు వెర్షన్ వెర్షన్‌కి మార్చకండి.

ఆర్‌పీఎమ్‌లో

ఫెడోరా, రెడ్‌హ్యాట్‌ల ప్యాకేజీ టూల్ అయిన ఆర్‌పీఎమ్, ఫైళ్లని విప్పేటప్పుడే ఓనర్ పేరు చూసి నంబరు వేస్తుంది. ఆ క్షణానికి యూజర్ లేకపోతే ఇన్‌స్టాల్ ఆగదు. "యూజర్ చిట్టా లేడు, రూట్‌ని వాడుతున్నాను" అన్న అర్థంలో ఒక వార్నింగ్ వేసి, మీ ఫైళ్లన్నీ రూట్ పేరు మీద పెట్టేస్తుంది. స్క్రీన్ మీద రెండొందల లైన్లు పరిగెడుతుంటే ఆ వార్నింగ్ ఎవరు చూస్తారు? మర్నాడు సర్వీసు పర్మిషన్ డినైడ్ అంటూ పడిపోయాక తెలుస్తుంది. కాబట్టి ఇక్కడ యూజర్ ముందు పుట్టాలి, ఫైళ్లు తరవాత దిగాలి.

2023లో వచ్చిన ఆర్‌పీఎమ్ 4.19 నుంచి ఈ పని దానికే తెలుసు. ప్యాకేజీలో సిస్‌యూజర్స్.డీ ఫైల్ కనబడితే, బిల్డ్ చేసేటప్పుడే "ఈ ప్యాకేజీ చిట్టా అనే యూజర్‌ని ఇస్తుంది" అని ప్రొవైడ్స్‌లో రాసుకుంటుంది, ఇన్‌స్టాల్‌లో ఫైళ్లు విప్పకముందే యూజర్‌ని పుట్టిస్తుంది. స్పెక్ ఫైల్‌లో (ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) ఏ ఫైల్‌కైనా చిట్టా ఓనర్ అని రాస్తే, "చిట్టా యూజర్ కావాలి" అని రిక్వయర్స్ కూడా దానంతటదే వస్తుంది. బిల్డ్ అయ్యాక ఇలా చూడండి:

ఆర్‌పీఎమ్ -క్యూపీ --ప్రొవైడ్స్ చిట్టా.ఆర్‌పీఎమ్

అందులో యూజర్, గ్రూప్ ఎంట్రీలు కనబడాలి. యూజర్ ఎంట్రీ పక్కన అర్థంకాని అక్షరాల తోక ఉంటే కంగారు పడకండి, అది మీరు రాసిన సిస్‌యూజర్స్ లైనే, బేస్64లో చుట్టి పెట్టింది.

రెడ్‌హ్యాట్ 8, 9లలో ఆర్‌పీఎమ్ అంతకంటే పాతది. వాటికి కూడా ప్యాకేజీ ఇవ్వాలంటే స్పెక్ ఫైల్‌లో ప్రీ సెక్షన్ కింద పాత పద్ధతే:

గెట్‌ఎంట్ గ్రూప్ చిట్టా >/డెవ్/నల్ || గ్రూప్‌యాడ్ -ఆర్ చిట్టా
గెట్‌ఎంట్ పాస్‌డబ్ల్యూడీ చిట్టా >/డెవ్/నల్ || యూజర్‌యాడ్ -ఆర్ -జీ చిట్టా -డీ /వర్/లిబ్/చిట్టా -ఎస్ /ఎస్‌బిన్/నోలాగిన్ చిట్టా
ఎగ్జిట్ 0

ఉన్నాడా అని అడిగి, లేకపోతేనే పుట్టించడం ముఖ్యం, ఎందుకంటే ఈ సెక్షన్ ప్రతి అప్‌గ్రేడ్‌కీ నడుస్తుంది. -ఆర్ మర్చిపోతే యూజర్‌కి 1000 పైన నంబరు వచ్చి, మనుషుల అకౌంట్ల వరసలో చిట్టా కూడా వచ్చి కూర్చుంటాడు. ఈ సెక్షన్‌కి స్పెక్‌లో షాడో-యుటిల్స్ మీద రిక్వయర్స్ కూడా పెట్టండి, లేదంటే చిన్న ఇమేజ్‌లలో యూజర్‌యాడ్ కమాండే ఉండదు.

డెబియన్‌లో

ఇక్కడ వరస వేరు. డెబియన్ ప్యాకేజీ టూల్ అయిన డీపీకేజీ ఫైళ్లు విప్పాక, కాన్ఫిగర్ దశలో పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టు నడుస్తుంది. యూజర్ సాధారణంగా పుట్టేది అక్కడే. కాబట్టి డెబ్ ఫైల్ లోపలి ఫైళ్లన్నీ రూట్ పేరు మీదే ఉంచండి. చిట్టా సొంతం కావాల్సిన డైరెక్టరీ ఏదైనా ఉంటే యూజర్ పుట్టాక అప్పగించండి.

పోస్ట్‌ఇన్‌స్ట్‌లో కాన్ఫిగర్ అన్న మొదటి ఆర్గ్యుమెంట్ వచ్చినప్పుడు:

యాడ్‌యూజర్ --సిస్టమ్ --గ్రూప్ --హోమ్ /వర్/లిబ్/చిట్టా --నో-క్రియేట్-హోమ్ చిట్టా

--గ్రూప్ మర్చిపోతే చిట్టాని తీసుకెళ్లి నోగ్రూప్‌లో పడేస్తుంది. యాడ్‌యూజర్, యూజర్‌యాడ్ రెండూ వేర్వేరు ప్రోగ్రాములు; పేర్లు తిరగేసి ఉండటంతో కొత్తవాళ్లు తెగ తికమకపడతారు. డెబియన్ స్క్రిప్టుల్లో యాడ్‌యూజర్ వాడతారు. అదే సిస్టమ్ యూజర్ అప్పటికే ఉంటే ఇది మౌనంగా సరే అంటుంది. అదే పేరుతో మామూలు మనిషి అకౌంట్ ఉంటే ఎర్రర్ ఇచ్చి ఇన్‌స్టాల్‌ని ఆపేస్తుంది. ఆ ఎర్రర్‌ని నోరుమూయించడానికి చివర || ట్రూ తగిలించకండి. తగిలిస్తే మీ సర్వీసు ఎవరో మనిషి అకౌంట్ కింద నడుస్తుంది. కంట్రోల్ ఫైల్‌లో డిపెండ్స్ దగ్గర యాడ్‌యూజర్ ప్యాకేజీ పేరు రాయడం కూడా మర్చిపోవద్దు.

స్క్రిప్టు రాయడం ఇష్టం లేకపోతే డెబియన్ డైరెక్టరీలో చిట్టా.సిస్‌యూజర్స్ అని ఫైల్ పెట్టి, బిల్డ్-డిపెండ్స్‌లో డీహెచ్-సీక్వెన్స్-ఇన్‌స్టాల్‌సిస్‌యూజర్స్ చేర్చండి. పోస్ట్‌ఇన్‌స్ట్ ముక్క అదే పుట్టిస్తుంది. పైన ఆర్‌పీఎమ్‌కి రాసిన అదే లైను ఇక్కడా పనికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఈ దారే.

ఇక డైరెక్టరీ అప్పగింత. చాలా పోస్ట్‌ఇన్‌స్ట్‌లలో ఈ లైను చూస్తాను:

చౌన్ -ఆర్ చిట్టా:చిట్టా /వర్/లిబ్/చిట్టా

ఇక్కడ ఆర్ పెద్దక్షరం, అంటే లోపలున్నవన్నీ కలిపి. మొదటిసారి ఇన్‌స్టాల్‌లో ఇది అమాయకంగానే ఉంటుంది. అప్‌గ్రేడ్‌లో కాదు. అప్పటికి ఆ డైరెక్టరీ చిట్టా చేతిలో ఉంది. చిట్టాలో ఏదో బగ్ ఉండి ఎవరైనా లోపలికి దూరి ఉంటే, వాడు అక్కడ /ఈటీసీ/షాడోకి ఒక హార్డ్‌లింక్ పెట్టి కూర్చుంటాడు. మర్నాడు అడ్మిన్ అప్‌గ్రేడ్ కొడతాడు, రూట్ హోదాలో నడిచే మీ స్క్రిప్టు ఆ ఫైల్‌ని స్వయంగా చిట్టా చేతిలో పెడుతుంది. కెర్నెల్‌లో హార్డ్‌లింక్‌ల రక్షణ ఆన్‌లో ఉంటే ఇది జరగదు. కానీ మీ ప్యాకేజీ ఎక్కడ ఇన్‌స్టాల్ అవుతుందో మీ చేతిలో లేదు. పై డైరెక్టరీ ఒక్కదానికే ఓనర్ మార్చండి, అది కూడా డీపీకేజీ-స్టాట్ఓవర్‌రైడ్ --లిస్ట్‌తో అడ్మిన్ ఏమైనా వేరే పర్మిషన్ పెట్టుకున్నాడేమో చూశాక. అసలు ఈ లైనే లేకుండా చేసుకోవచ్చు. యూనిట్ ఫైల్‌లో యూజర్=చిట్టా, స్టేట్‌డైరెక్టరీ=చిట్టా అని పెట్టండి. సర్వీసు లేచేటప్పుడు సిస్టమ్‌డీయే /వర్/లిబ్/చిట్టాని సరైన ఓనర్‌తో సిద్ధం చేస్తుంది.

ఇతరులు ఎలా రాశారో చూడాలంటే డెబియన్‌లో /వర్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో కింద ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల పోస్ట్‌ఇన్‌స్ట్‌లు ఉంటాయి. ఆర్‌పీఎమ్ వైపు ఆర్‌పీఎమ్ -క్యూ --స్క్రిప్ట్స్ అని ప్యాకేజీ పేరు ఇవ్వండి. పుస్తకాల్లో దొరకని చాలా సంగతులు నేను అక్కడే నేర్చుకున్నాను, చెయ్యకూడనివి కూడా.

ఇన్‌స్టాల్ అయ్యాక గ్రూప్‌లో చేర్చాల్సివస్తే

యూజర్‌మాడ్ -ఏజీ అడ్మ్ చిట్టా. ఇందులో ఏ చిన్నది, జీ పెద్దది. ఏ మర్చిపోయి ఉత్త పెద్ద జీ కొడితే, అంతకు ముందున్న అదనపు గ్రూప్‌లన్నీ పోయి ఇదొక్కటే మిగులుతుంది. తమ సొంత అకౌంట్ మీద ఇలా చేసి సుడో పోగొట్టుకున్నవాళ్లు నవ్వుకుంటూ ఉంటారు ఇది చదివి. చేర్చాక సర్వీసుని రీస్టార్ట్ చెయ్యండి. నడుస్తున్న ప్రాసెస్ పాత గ్రూప్‌లతోనే ఉంటుంది.

ప్యాకేజీ తీసేటప్పుడు

యూజర్‌ని తుడవకండి. "వాడిన గిన్నె కడిగి పెట్టాలి కదా" అనిపిస్తుంది, తెలుసు. కానీ మీ ప్యాకేజీ తన డైరెక్టరీలన్నీ శుభ్రం చేసినా, అడ్మిన్ ఎక్కడెక్కడ చిట్టా పేరు మీద ఫైళ్లు పెట్టాడో, ఏ బ్యాకప్ టేపులో ఏముందో, ఏ ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌లో ఏముందో దానికి తెలీదు. పాస్‌డబ్ల్యూడీలో ఒక లైను మిగిలిపోతే వచ్చే నష్టం ఏమీ లేదు. నంబరు చేతులు మారితే వచ్చే నష్టం మొదట్లోనే చెప్పాను.

ఆర్‌పీఎమ్‌లో ఇంకో మెలిక ఉంది. అప్‌గ్రేడ్‌లో వరస ఇలా నడుస్తుంది: ముందు కొత్త ప్యాకేజీ ప్రీ, ఫైళ్లు, కొత్త పోస్ట్, ఆ తరవాత పాత ప్యాకేజీ ప్రీఅన్, చివర్న పాత పోస్ట్‌అన్. అంటే పోస్ట్‌అన్‌లో చూసుకోకుండా యూజర్‌డెల్ రాస్తే, అప్‌గ్రేడ్ అంతా పూర్తయ్యాక పాత ప్యాకేజీ వెళ్తూ వెళ్తూ కొత్తదాని యూజర్‌ని కూడా పట్టుకుపోతుంది. అప్పటికి సర్వీసు నడుస్తుంటే యూజర్‌డెల్ "ఈ యూజర్ ప్రాసెస్ ఒకటి నడుస్తోంది" అని మొరాయిస్తుంది కాబట్టి కొన్ని మెషీన్లలో బతికిపోతారు, కొన్నింట్లో పోతారు. ఒకే ప్యాకేజీ సగం సర్వర్లలో పనిచేసి సగంలో పడిపోతుంటే ముందు ఇక్కడ చూడండి.

తుడవకుండా మూసెయ్యడం మంచి మధ్యేమార్గం:

యూజర్‌మాడ్ --లాక్ --ఎక్స్‌పైర్‌డేట్ 1 --షెల్ /యూఎస్ఆర్/ఎస్‌బిన్/నోలాగిన్ చిట్టా

--లాక్ పాస్‌వర్డ్‌ని మాత్రమే మూస్తుంది. అకౌంట్ మొత్తం మూతపడాలంటే ఎక్స్‌పైర్‌డేట్ కూడా కావాలి. 1 అంటే 1970 జనవరి 2, గడువు ఎప్పుడో తీరిపోయిందని అర్థం. ఇలా మూస్తే మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు తెరిచే ముక్క కూడా మీరే రాయాలి, ఎందుకంటే ఉన్న యూజర్‌ని సిస్‌యూజర్స్ ముట్టుకోదని పైన చెప్పాను.

జెంటూ లైనక్స్ వాళ్లు ఈ విషయంలో అందరికంటే పద్ధతిగా వెళ్లారు. 2019 నుంచి అక్కడ ప్రతి సిస్టమ్ యూజరూ స్వయంగా ఒక ప్యాకేజీ. ఏసీసీటీ-యూజర్, ఏసీసీటీ-గ్రూప్ అని రెండు విభాగాలు. సర్వీసు ప్యాకేజీ ఆ యూజర్ ప్యాకేజీ మీద ఆధారపడుతుంది. ఆ ప్యాకేజీని తీసేస్తే యూజర్ పోడు, మూతపడతాడు. నిక్స్‌ఓఎస్‌లో ఇచ్చిన నంబర్లన్నీ /వర్/లిబ్/నిక్స్ఓఎస్ కింద ఒక జాబితాలో రాసిపెడతారు, కాన్ఫిగ్‌లోంచి యూజర్ పోయినా ఆ నంబరు ఇంకొకరికి వెళ్లదు. రెండు చోట్లా దెబ్బతిన్న అనుభవం కనిపిస్తుంది.

సర్వర్ మారినప్పుడు, కంటైనర్ మారినప్పుడు

పాత మెషీన్‌లో చిట్టా 994, కొత్తదాంట్లో 991. ఆర్‌సింక్‌తో రూట్‌గా కాపీ చేస్తే అది పేరు చూసి నంబరు మారుస్తుంది, కాబట్టి ముందు కొత్త మెషీన్‌లో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, తరవాత డేటా తెచ్చుకోండి. తార్ కూడా రూట్ కింద అంతే. దీనికి ఒక మినహాయింపు ఉంది: రెస్క్యూ డిస్కుతో బూట్ చేసి మొత్తం సిస్టమ్‌ని రిస్టోర్ చేస్తున్నప్పుడు. అప్పుడు తార్ చూసేది రెస్క్యూ డిస్కులోని పేర్లని, మీవి కాదు. అక్కడ --న్యూమరిక్-ఓనర్ తప్పనిసరి.

కంటైనర్లలో పేర్ల ఊసే ఉండదు, వాల్యూమ్ మీద ఉండేది నంబరే. పోస్ట్‌గ్రెస్ అధికారిక డాకర్ ఇమేజ్‌లో డెబియన్ రకానికి పోస్ట్‌గ్రెస్ యూఐడీ 999, ఆల్పైన్ రకానికి 70. సైజు తగ్గుతుందని ఎవరో ఇమేజ్ పేరు పక్కన ఆల్పైన్ అని తగిలిస్తారు, అదే వాల్యూమ్ మీద డేటా ఓనర్ ఒకరు, నడిపేవాడు ఇంకొకడు. మీ సొంత ఇమేజ్ కడితే, మెషీన్ ప్యాకేజీకి నేను వద్దన్న పనే ఇక్కడ చెయ్యండి: 10001 లాంటి పెద్ద నంబరు ఒకటి మీరే పెట్టి ఎప్పటికీ మార్చకండి. ఇమేజ్ లోపల ఇంకెవరూ పోటీకి రారు కాబట్టి ఇక్కడ అది క్షేమమే.

ఇప్పుడే మీ సర్వర్‌లో చెయ్యదగ్గ పని

ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -నోయూజర్ -ఎల్‌ఎస్

ఓనర్ నంబరుకి పేరు దొరకని ఫైళ్లన్నీ వస్తాయి, అంటే ఎవరో ఎప్పుడో యూజర్‌ని తుడిచిన ఆనవాళ్లు. -నోయూజర్ బదులు -నోగ్రూప్ పెట్టి మళ్లీ ఒకసారి. -ఎక్స్‌డెవ్ వల్ల ఒక్క ఫైల్ సిస్టమ్‌లోనే తిరుగుతుంది. /వర్ వేరే పార్టిషన్ అయితే దాని మీద విడిగా నడపండి. వచ్చిన ఫైళ్లు అక్కర్లేకపోతే తీసెయ్యండి, కావాలంటే రూట్‌కి అప్పగించి పర్మిషన్ 0700 చెయ్యండి. కొత్త ప్యాకేజీ ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకముందే ఈ పని చెయ్యండి, తరవాతైతే ఆ ఫైళ్లకి పేరు దొరికేస్తుంది, ఈ కమాండ్‌కి కనబడవు.